బోర్లించిన ఇటుక

మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ మా ఇల్లు కొంచెం కుంగుతుంది. పాత రోడ్డు తవ్వి కొత్తది వేసే ఓపిక ఎవరికీ లేదు. రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ పోతారు. బందరులో ఈ ఇల్లు నా చేతులతో నేను కట్టుకున్న రోజుల్లో వీధిలోంచి రెండు మెట్లు ఎక్కితే గాని మా గుమ్మం వచ్చేది కాదు. ఇప్పుడు వచ్చినవాళ్ళు ఒక అడుగు కిందికి దిగుతున్నారు. వానొస్తే వీధి నీళ్ళు కూడా చుట్టాల్లా లోపలికి వస్తున్నాయి. అందుకని ఈ శీతాకాలంలో, డెబ్భై ఎనిమిదేళ్ళ వాడివని ఇంటిల్లిపాదీ గుర్తుచేస్తున్నా వినకుండా, గుమ్మం ఎత్తు పెంచాలని నా మెట్టు నేనే పగలగొట్టాను.

పై సిమెంటు పెళుసుగా ఊడిపోయింది. చిన్న ఇటుకలు పిండి అయ్యాయి. అడుగున మాత్రం ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. మూరెడు పొడుగు, జానెడు దాటిన వెడల్పు, నాలుగు వేళ్ళ మందం. దాన్ని అక్కడ పెట్టింది నేనే కాబట్టి ఆశ్చర్యపోలేదు. గునపం పక్కన పడేసి, చేతులతో మట్టి తీసి, మెల్లగా వెల్లకిలా తిప్పాను. మొహం మీద మూడు గీతలు అలాగే ఉన్నాయి. పచ్చి మట్టి మీద ఎవరో మూడు వేళ్ళు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి లాగిన గీతలు.

ఈ ఇటుక కథ ముందే చెప్పేస్తాను. దాచుకుని చివర్లో చెప్పడం నాకు చేతకాదు.

నేను మూడో తరగతితో బడి మానేసి తాపీ పట్టినవాణ్ణి. నా చదువంతా పని చోట పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు, ఆ తర్వాత పేటలోని లైబ్రరీ బల్ల. ఇరవై ఆరేళ్ళ వయసులో గుడివాడలో ఒకరి మేడ పనికి వెళ్ళాను. అక్కడ ఊళ్ళోనే ఒక పెద్ద దిబ్బ ఉండేది. దానికి జనం పెట్టిన పేరు నేను పలకను, పలికినవాణ్ణి ఊరుకోను. ఆ దిబ్బలో ఇలాంటి ఇటుకలుంటాయని మేస్త్రీలందరికీ తెలుసు. రాక్షసులు కట్టారనేవారు, వాటికి ఈ కాలపు ఇటుకలు ఆరు సమానమనేవారు. తులసికోట అడుగున, పొయ్యిగట్టు కింద, గోలెం కింద ఎక్కడ బరువు ఆగాలంటే అక్కడ వాటిని పెట్టేవాళ్ళం. ఒక సాయంత్రం పని దిగాక నేనూ వెళ్ళాను. వానకి కోసుకుపోయిన అంచులో ఈ ఇటుక కనబడింది. తాపీ మొనతో చుట్టూ మట్టి గీకి, పన్ను పీకినట్టు పీకాను. మూడు గీతలు చూసి మా పెద్ద మేస్త్రీ కళ్ళకద్దుకున్నాడు. "విభూతి రేఖల్రా! శివుడి ఇటుక. ఇంటి ముందర వేసుకో, నీ గుమ్మానికి తిరుగుండదు" అన్నాడు. సైకిలు క్యారేజీకి కట్టుకుని గుడివాడ నుంచి బందరు తొక్కాను. శివుడి బొట్టు మీద కాలు పెట్టకూడదు గనక గీతలు కిందికి వచ్చేలా బోర్లించి మెట్టు అడుగున వేశాను.

భక్తితో తీశాను, భక్తితో బోర్లించాను, యాభై ఏళ్ళు తొక్కాను. ఇంతకంటే తెలివితక్కువ భక్తి ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

డెబ్భై ఏడు ఉప్పెనకి మా ఇంటి పైకప్పు ఎగిరిపోయింది, ఆ మెట్టు మాత్రం కదల్లేదు. అదంతా శివుడి మహిమేనని చాన్నాళ్ళు చెప్పుకున్నాను. తర్వాత లైబ్రరీ బల్ల దగ్గర ఒక్కొక్కటే తెలిసింది. అది దిబ్బ కాదు, స్తూపం. బుద్ధుణ్ణి కొలిచినవాళ్ళు కట్టుకున్న గుడి. తెల్లదొరల కాలంలో రోడ్డు వేయడానికి కూడా దాని ఇటుకలు తోలుకుపోయారట. అది చదివి దొరల మీద మండిపడ్డాను, పదిమందికీ చెప్పి తిట్టించాను. చెబుతున్నంతసేపూ నా కాళ్ళ కింద ఏముందో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మెట్టు పగలగొట్టిన రోజున వచ్చింది.

దాన్ని తిరిగి ఇచ్చేయాలనుకున్నాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. నా భార్య మాత్రం సంచి చూసి, "ఇటుకని ఎక్కడైనా దింపండి గాని, మీరు మాత్రం తిరిగి రండి" అని తన తమ్ముణ్ణి తోడు పంపింది. మా బావమరిది బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కృష్ణా జిల్లాలో ఏ బస్సు ఏ మలుపులో ఎంత సేపు ఆగుతుందో వాడికి తెలుసు. తెలియనిదల్లా నోరు ఆపుకోవడం.

"బావా, ఒక మాట అనుకుందాం. అడిగితే ఇల్లు రిపేరు చేస్తుంటే దొరికిందని చెప్పు. తీశానన్నావో, లోపలేస్తారు. ఈ వయసులో నీకు జామీను పడేవాడెవడు, నేను తప్ప?"

నాకూ అదే మేలనిపించింది. అబద్ధం కూడా కాదు కదా, మెట్టులో దొరికిందిగా అని సర్దుకున్నాను. ఈ సంగతి కూడా రాయాలి గనక రాస్తున్నాను.

పొద్దున్నే బందరు బస్టాండులో ఎక్కాం. ఆడవాళ్ళకి టికెట్టు లేని రోజులు కదా, బస్సు నిండా ఆడవాళ్ళే. మావాడు కడ్డీ పట్టుకుని నిలబడి, తన కాలంలో అయితే ఎవరిని ఎక్కడ సర్దేవాడో చెబుతున్నాడు. నా సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. కండక్టరు పిల్ల, ఇరవై ఐదేళ్ళుంటాయి, బూటుతో సంచిని తట్టి, "ఏంటండీ ఇది, ఇంత బరువుంది?" అంది.

"ఇటుకమ్మా."

"ఇటుకా? గుడివాడలో ఇటుకలు దొరకట్లేదా తాతగారూ?"

"దొరుకుతాయమ్మా. ఇది అక్కడిదే. ఇంటికి వెళ్తోంది."

ఆ పిల్ల మావాడి వైపు చూసింది. మావాడు తల పక్కన వేలు తిప్పి చూపించాడు. నాకు కనబడదనుకున్నాడు. బస్సులో నవ్వులు. పెడన దాటాక కిటికీ దగ్గర సీటు దొరికింది. కోతలైన మాగాణుల్లో మినుము పచ్చగా లేచింది. మధ్య మధ్య చేపల చెరువులు, వాటిలో తిరిగే చక్రాలు. సంచిని ఒళ్ళోకి తీసుకున్నాను. కాళ్ళ దగ్గర పెట్టడానికి మనసొప్పలేదు.

గుడివాడలో దిగి ఆటో అతన్ని అడిగాను. "బౌద్ధ స్తూపానికి వస్తావా బాబూ?"

"అదెక్కడండీ? కొత్తగా కట్టిన అపార్టుమెంటా?"

మావాడు నా వెనకనుంచి ఆ పేరేదో గొణిగాడు. ఆటో అతని మొహం వెలిగింది. "ఓహో, లంజదిబ్బకా! అలా చెప్పొచ్చు కదా మేష్టారూ. ఎక్కండి."

నేను ఎక్కలేదు. సంచి భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాను. పదిహేను కేజీల పైమాటే అది. పది అడుగులకే ఆయాసం వచ్చింది. ఆటో నా పక్కనే మెల్లగా వస్తోంది.

"ఏంటండీ కోపం? నేను పెట్టానా ఆ పేరు?"

"పెట్టినవాడు పోయాడు. పిలిచేవాడివి నువ్వున్నావు."

"అందరూ అంటారు బాబూ!"

"మీ ఇంటిని అందరూ అలా అంటే నువ్వు కూడా అలాగే అడ్రసు చెబుతావా?"

అతను ఆటో ఆపేశాడు. కొట్టడానికి దిగుతున్నాడనుకుని మావాడు మధ్యలోకి వచ్చాడు. అతను దిగి నా భుజం మీది సంచి తీసి సీటులో పెట్టాడు. "స్తూపానికేనండీ. స్తూపం, స్తూపం, స్తూపం! చాలా? ఎక్కండి, ఎండెక్కుతోంది" అన్నాడు. దారిలో మావాడు అతనికి ఎవరో వేశ్య ఆ దిబ్బ కట్టించుకుందన్న పాత కథ మొదలుపెట్టాడు. ఒకవేళ కట్టించుకుందే అనుకో, గుడి కట్టిన మనిషిని తిట్టుగా తలుచుకుంటారా అని నేనడిగాను. మావాడు కథ మానేశాడు. మమ్మల్ని దింపాక అతనికి ఫోన్ వచ్చింది. "ఆ, ఇక్కడే ఉన్నా, స్తూపం దగ్గర" అన్నాడు అవతలివాడితో. అవతలివాడు ఏ స్తూపం అని అడిగి ఉంటాడు. అతను నా వైపు చూసి, నేను వింటున్నానని తెలిసి, "వచ్చాక చెబుతాలే" అన్నాడు. ఆ పూట నాకు దక్కిన గెలుపు అదొక్కటే.

ఇళ్ళ మధ్య కంచె, కంచెలో గడ్డి మొలిచిన మట్టి గుట్ట. నేను ఎరిగినప్పటికంటే చిన్నదైందో, నేనే పెద్దవాణ్ణయ్యానో. ఒక నీలం బోర్డు. ఈ స్థలానికి హాని చేసినవారు శిక్షార్హులని రాసి ఉంది. మావాడు దాన్ని రెండుసార్లు చదివి నా చెవి దగ్గర "బావా, దొరికింది. గుర్తుంది కదా? దొరికింది" అన్నాడు.

నేను గుట్ట చుట్టూ తిరిగాను. యాభై ఏళ్ళ కిందట పీకిన సందు కోసం వెతికాను. ఎక్కడ ఉంటుంది? ఎన్ని వానలు, ఎన్ని చేతులు! నాలాంటి మేస్త్రీలు ఎంతమంది ఎన్ని సాయంత్రాలు వచ్చి ఉంటారో. అయినా వెతికాను. వరస కనబడితే చాలు, ఇటుకని దాని వరసలో ఎలా కూర్చోబెట్టాలో నా చేతికి ఇంకా తెలుసు.

అక్కడ కాపలా ఉన్న మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. సంచి విప్పి చూపించాను.

"ఎక్కడిదండీ?"

"ఇంటి మెట్టు పగలగొడుతుంటే దొరికింది. ఇక్కడిదే. ఇక్కడ పెట్టి వెళ్తాను."

నోటినుంచి ఆ మాట ఎంత నున్నగా వచ్చిందో! మావాడు మెచ్చుకోలుగా తలాడించాడు.

కాపలా మనిషి తల గోక్కున్నాడు. "ఇక్కడినుంచి ఎవరూ ఏమీ పట్టుకెళ్ళకుండా చూడమన్నారండీ. తెచ్చి పెడతానంటే ఏం చెయ్యాలో నాకు చెప్పలేదు. రేపు ఎవరైనా వచ్చి ఈ ఇటుక ఎవడు కదిపాడంటే నేనేం చెప్పను? బందరు నుంచి ఓ పెద్దాయన తెచ్చి పెట్టాడంటే నమ్ముతారా? పట్టుకుపోయేవాళ్ళని చూశారు గాని, తెచ్చి ఇచ్చేవాళ్ళని ఎవరు చూశారండీ?"

అతనిది న్యాయమే. దివిసీమ వైపు ఒక ఊళ్ళో స్తూపం, దాని పక్కన ఇలాంటివి భద్రం చేసే చోటు ఉన్నాయనీ, అక్కడ తీసుకోవచ్చనీ అతనే చెప్పాడు. ఆ ఊరి పేరు నేను రాయను. అక్కడ నాతో మాట్లాడిన ఉద్యోగి మంచివాడు. నావల్ల అతనికి మాట రాకూడదు.

"ఇంక ఇంటికి పోదాం బావా" అన్నాడు మావాడు. "నువ్వు తెచ్చావు, వాళ్ళు వద్దన్నారు. పాపం తీరిపోయింది."

"వద్దంటే తీరిపోయేది పాపం కాదురా, బేరం."

పామర్రులో బస్సు మారాం. కూచిపూడి మీదుగా వెళ్ళే బస్సులో తన భార్య కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పి మావాడు అలక తీర్చుకున్నాడు. దిగేసరికి పన్నెండు దాటింది.

ఈ స్తూపాన్ని తవ్వి శుభ్రం చేసి ఉంచారు. నేను పుస్తకంలో చదివాను గాని కళ్ళతో చూడటం అదే మొదలు. చూసి నిలబడిపోయాను. బండి చక్రం నేల మీద పడుకోబెట్టినట్టుంది. మధ్యన చదరంగా కట్టడం, దానిచుట్టూ చక్రం ఆకుల్లా గోడలు, వాటిని కలుపుతూ గుండ్రంగా పట్టా. ఆకులకీ ఆకులకీ మధ్య ఖాళీలో మట్టి కూరారు. మావాడు "అయిపోయిందా? ఇంతేనా?" అన్నాడు. గుడంటే వాడికి గోపురం ఉండాలి, లోపల ఒక విగ్రహం ఉండాలి, ప్రసాదం ఉండాలి.

"ఒరేయ్, ఇలా రా. ఇది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది. దీని మీద నిండుగా ఇటుక పేర్చితే బరువుకి ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందుకని చక్రం వేసి బరువు పంచాడు. ఇటుక కలిసొచ్చింది, గట్టితనమూ వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్లో గీసి మనం కట్టే అపార్టుమెంట్లకి ఐదేళ్ళకే బీటలు. వీడెవడో, ఏ బడిలో చదివాడో!"

"నీలాగే మూడో తరగతి అయ్యుంటాడు" అన్నాడు మావాడు. వాడు వెక్కిరించాడు గాని నాకు గర్వంగానే ఉంది.

అక్కడ చెట్టు నీడలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. తెల్ల చీరలు. ఒకామె నలభై ఐదేళ్ళ టీచరు, చేతిలో అగరొత్తులు. రెండో ఆమె ఆవిడ తల్లి, నా ఈడుది. వాళ్ళు స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగి, మాకు అర్థంకాని భాషలో ఏదో చెప్పుకుని వచ్చి కూర్చున్నారు. నేను కూడా కూలబడి సంచి దింపాను. సంచి మూతి జారి ఇటుక సగం బయటపడింది. పెద్దామె చూపు దాని మీద పడింది.

"ఇటా పెట్టయ్యా" అంది. అడగలేదు, చెప్పింది.

పెట్టాను. ఆమె కళ్ళజోడు సవరించుకోలేదు, కళ్ళతో చూడనే లేదు. అరచేత్తో తడిమింది. అంచులు, మూలలు, ఆ తర్వాత గీతలు.

"బోణీ ఇటుక" అంది.

"ఏంటమ్మా?"

"పొద్దున తొలి ఇటుక కోసి అచ్చు తీశాక దాని మీద ఇట్టా మూడేళ్ళు లాగేవోళ్ళం. బోణీ. దానికి దణ్ణం పెట్టుకుని మిగతావి కోసేవోళ్ళం. నేను ముప్పై ఏళ్ళు బట్టీలో ఇటుకలు కోశానయ్యా. మా అత్త నేర్పింది, మా అత్తకి వాళ్ళత్త నేర్పింది."

"విభూతి రేఖలు కాదా?" అన్నాను.

ఆమె పళ్ళు లేని నోటితో పెద్దగా నవ్వింది. "విభూతి ఎవరు పూస్తారయ్యా పచ్చి మట్టికి? అది పనిమనిషి చెయ్యి. నువ్వు మేస్త్రీవా? తెలుస్తానే ఉందిలే, ఇటుకని పసిపిల్లని దింపినట్టు దింపావు. మీరు మా ఇటుకని తిట్టని రోజుందా? వంకర కోశారు, పచ్చిగా కాల్చారు, బట్టీవాళ్ళకి కళ్ళు లేవు..."

"తిట్టాను" అన్నాను.

"మరి ఆ గీతలేంటని ఒక్కరోజైనా అడిగావా?"

ఆమె తన మూడు వేళ్ళు గీతల్లో పెట్టింది. కాస్త లావు వేళ్ళు, కణుపుల దగ్గర ఉబ్బి ఉన్నాయి. గీతల మొదట్లో కుదిరాయి, చివరికి వచ్చేసరికి గీతలు పక్కకి జరిగాయి. "ఎడమ చేత్తో లాగింది. కుడి చెయ్యి అచ్చు మీదుంది" అని నిశ్చయంగా చెప్పింది. లాగింది ఆడమనిషేనని కూడా ఆమెకి అనుమానం లేదు.

"ఎక్కడిది?"

"గుడివాడ స్తూపానిదమ్మా. మా ఇంటి మెట్టు పగలగొడుతుంటే దొరికింది."

ఆమె చెయ్యి ఆగింది. మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఇటుక దొరకడమేంటయ్యా? మేస్త్రీవై ఉండి అట్టా మాట్లాడతావేంటి? పేర్చిన ఇటుక దొరకదు. తీస్తేనే వస్తుంది."

కూతురు "అమ్మా, ఊరుకో" అంది. మావాడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. నలభై ఏళ్ళు గోడలు కట్టినవాణ్ణి. ఒక వరసలో కూర్చున్న ఇటుక దానంతటది రాదని నాకంటే ఎవరికి తెలుసు? దొరల్ని తిట్టాను, ఆటో అతన్ని తిట్టాను, అందరి నోళ్ళూ కడగాలని బయలుదేరాను. పొద్దుటినుంచీ నా నోట్లో మాత్రం ఈ 'దొరికింది' నానుతోంది.

"నేనే తీశానమ్మా" అన్నాను. "ఇరవై ఆరేళ్ళప్పుడు. తాపీతో పీకాను. బోర్లించి మెట్టు కింద వేశాను. యాభై ఏళ్ళు దాని మీద నడిచాం."

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మమ్మల్ని నడవనివ్వని వీధులు కూడా ఆ రోజుల్లో మా ఇటుకల మీదే లేచినయ్యి. అది మాకు కొత్తేం కాదులే" అంది మామూలుగా, వాన సంగతి చెప్పినట్టు. "నువ్వు మళ్ళీ మోసుకొచ్చావు. అది కొత్త. పో, పోయి ఇయ్యి. ఇచ్చేటప్పుడు మాత్రం సరిగా చెప్పు."

స్తూపం పక్కనున్న ఆఫీసు లోపల ఉద్యోగి భోజనం ముగించి చేతులు తుడుచుకుంటున్నాడు. ఇటుకని శ్రద్ధగా చూశాడు, కొలిచాడు, ఫోటో తీశాడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి, "ఫలానా చోట ఇంటి మరమ్మతులో దొరికిందని నాలుగు ముక్కలు రాసివ్వండి తాతగారూ. నేను తీసి ఉంచుతాను" అన్నాడు.

రాశాను. నా దస్తూరీ అచ్చుని చూసి నేర్చుకున్నది, విడివిడిగా, నిలువుగా ఉంటుంది. ఎవరైనా చదవగలరు. అతను చదివి కాగితం వెనక్కి జరిపాడు.

"తీశాను అని రాశారేంటండీ?"

"తీశాను గనక."

"అలా రాస్తే నేరం ఒప్పుకున్నట్టండీ. నేను పైకి పంపాలి. వాళ్ళు మీకు నోటీసు పంపాలి. ఎందుకు వచ్చిన గొడవ? దొరికిందని రాయండి, అయిపోతుంది."

"పేర్చిన ఇటుక దొరకదు బాబూ. తీస్తేనే వస్తుంది."

మావాడు అప్పటిదాకా ఓర్చుకున్నాడు. "సార్, మా బావకి మతి సరిగా లేదు. నేను రాసిస్తా, ఇటివ్వండి" అని కాగితం లాక్కోబోయాడు. నేను దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. ఈ చేత్తో ఎన్ని గోడలు నిలబెట్టానో వాడికి తెలుసు, చెయ్యి కదల్లేదు.

"వినండి బాబూ. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళల్లో ఇవి ఉన్నాయి. తులసికోటల్లో ఉన్నాయి, నేనే కట్టాను. అడిగితే అందరూ దొరికిందంటారు. అందరికీ దొరికితే తీసిందెవరు? ఆ గుట్ట దానంతటదే కరిగిపోయిందా? తీసినవాడు ఒక్కడైనా ఉన్నాడని ఎక్కడో ఒక కాగితం మీద ఉండాలి. నోటీసు పంపించండి. వస్తాను. బోనులో నిలబెడితే నిలబడతాను. అక్కడ కూడా ఇదే చెబుతాను."

"మీ ఆరోగ్యం..."

"ఇటుక మోసుకొచ్చాను. నోటీసు మోయలేనా?"

అతను చాలాసేపు పెన్నుతో బల్ల మీద తట్టాడు. చివరికి కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాడు. "ఇటుక వరండాలో పెట్టండి తాతగారూ. మిగతాది చూద్దాం" అన్నాడు. వరండాలో అలాంటివి ఒక వరస ఉన్నాయి. చివర జాగా చూసి, గీతలు పైకి వచ్చేలా, పక్క ఇటుకకి ఒరుసుకోకుండా కూర్చోబెట్టాను. నా జీవితంలో నేను పేర్చిన ఆఖరి ఇటుక అదే అయినా నాకు చింత లేదు. బయటికి వచ్చేసరికి ఆ తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు.

తిరుగు బస్సులో చల్లపల్లి దాటాక మావాడు, "నోటీసు వస్తే అక్క నన్ను చంపుద్ది" అన్నాడు.

వారం చూశాను, నెల చూశాను. పోస్టుమాన్ వచ్చిన ప్రతిసారీ ఎదురెళ్ళాను. ఏమీ రాలేదు. రెండో నెల దాటాక ఉండబట్టలేక మళ్ళీ బయలుదేరాను. మావాడు తిట్టుకుంటూనే వచ్చాడు.

వరండాలో ఇటుకల వరస అలాగే ఉంది. చివరిది నాది. ఎవరో శుభ్రంగా దుమ్ము దులిపి, నున్నగా ఉన్న వైపు పైకి వచ్చేలా బోర్లించి పెట్టారు. దాని ముందు అట్టముక్క: 'మచిలీపట్నంలో ఒక ఇంట దొరికినది.'

చూస్తూ నిలబడ్డాను. ఆ మంచివాడు నన్ను కాపాడాలనుకున్నాడు. నాకు తెలుసు. నన్ను కాపాడటం కోసం ఇటుకని మళ్ళీ బోర్లించారు. ఇంకొకడైతే దణ్ణం పెట్టి వచ్చేసేవాడు.

వంగి రెండు చేతులూ అడుగున వేసి ఇటుకని వెల్లకిలా తిప్పాను. చెవి వెనక పెన్సిలు పెట్టుకోవడం నాకింకా పోలేదు. తీసి, 'దొరికినది' కొట్టేసి, పైన 'తీసినది' అని రాశాను. ఎవరు తీశారో కూడా కింద రాశాను, వీధితో సహా. లోపలినుంచి అతను పరుగున వచ్చాడు.

"తాతగారూ! తాతగారూ! అది ఆఫీసు లేబులండీ, మీరు దిద్దకూడదు!"

"దిద్దకూడనిదని నాకూ తెలుసు బాబూ. దానికి కూడా నోటీసు పంపించండి. రెంటికీ కలిపి ఒక్కసారే వస్తాను."

"నేను మళ్ళీ మార్చేస్తానండీ!" అన్నాడు పాపం, ఏడుపు గొంతుతో.

"మార్చండి. నాకు బస్సు తెలుసు" అన్నాను.

మావాడు మెట్ల మీద కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. తర్వాత లేచి, నా చేతిలోని పెన్సిలు చూసి, జేబులోంచి పాత కండక్టరు పెన్ను తీసి ఇచ్చాడు.

"పెన్సిలైతే చెరిపేస్తారు బావా" అన్నాడు. "దీనితో రాయి."